గట్టు వరుసను లెక్కపెట్టిన మనిషి

నిన్న మధ్యాహ్నం మా సంస్థ సెమినార్ గదిలో సుద్దముక్క విరిచిన చప్పుడు విని నేను ఎటో వెళ్ళిపోయాను. ప్రసంగించడానికి వచ్చినాయన బోర్డు మీద రాయబోయే ముందు కొత్త సుద్దముక్కను మధ్యకి ఫట్‌మని విరిచి, ఒక సగం బల్ల మీద పెట్టి, రెండో సగంతో మొదలుపెట్టాడు. నిండు సుద్దముక్క బోర్డు మీద కీచుమంటుంది, విరిచినది అనదు. ఆ సంగతి నాకు నేర్పింది నూజివీడు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన రాజరత్నం మేడమ్. తర్వాత ఆయన గంటసేపు ఏం మాట్లాడాడో ఒక్క ముక్క తలకెక్కలేదు. ఆవిడ గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. రాస్తే కోపంగా రాస్తానేమోనని ఆగుతూ వచ్చాను. ఎన్నాళ్ళాగినా ఆ కోపం తగ్గేట్టు లేదు కాబట్టి దానితోనే రాస్తున్నాను.

మాది ముసునూరు. నాన్నకి సొంత తోటలు లేవు. ఇతరుల తోటలు చూసి కాపు ఎంతో చెప్పడం ఆయన పని. నూజివీడు మామిడి వ్యాపారులు తోట మాట్లాడుకునే ముందు ఆయన్ని వెంట తీసుకెళ్ళేవారు. పిందె గోలీకాయంత ఉన్నప్పుడే వరుసల మధ్య ఒక చుట్టు తిరిగి, ఈ తోట ఇంత నిలబెడుతుందని చెప్పేవాడు. ఆయన చెప్పినదానికీ చివరికి దిగినదానికీ పెద్ద తేడా ఉండేది కాదు. నాకు నడక వచ్చినప్పటినుంచీ ఆయన వెనకే తిరిగాను కాబట్టి లెక్క నాకు వెన్నతో పెట్టిన విద్య. అయినా ఇంజనీరింగ్ సీటు రాలేదు. ఊళ్ళో అందరూ అయ్యో పాపం అన్నారు, నేను బీఎస్సీలో చేరాను.

మొదటిరోజు క్లాసులో రాజరత్నం మేడమ్ ఒక్కొక్కరినీ లేపి, ఫిజిక్స్ ఎందుకు తీసుకున్నారని అడిగారు. అందరూ తమకు చిన్నప్పటినుంచీ సైన్సంటే ప్రాణమని చెప్పారు. నా వంతు వచ్చేసరికి ఒళ్ళు మండిపోయి, ఎక్కడా సీటు రాక వచ్చానండి అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ముందు బెంచీలోకొచ్చి కూర్చో" అన్నారు. "ఇక్కడ ఇప్పటిదాకా నిజం చెప్పింది నువ్వొక్కదానివే." పొట్టి మనిషి, నేత చీర, మెడలో సన్నటి గొలుసు, చేతికి మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద వాచీ. మాట ముక్కుసూటిగా ఉండేది. స్టాఫ్ రూములో సగం మందికి ఆవిడంటే భయం, మిగతా సగానికి మంట. ఆ రోజునుంచి మూడేళ్ళు నేను ముందు బెంచీ వదల్లేదు.

ఆవిడకు పెళ్ళి కాలేదు. చర్చి వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఒక గదిలో మంచం, రెండో గదిలో కాగితాలు. ఉద్యోగం చేసుకుంటూనే ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి నమోదు చేసుకుని, సెలవుల్లో వెళ్ళి గైడు గారిని కలిసి వచ్చేవారు. అప్పటికే ఏళ్ళు గడిచిపోయాయి. కాలేజీలో దాని మీద జోకులకు లోటుండేది కాదు. మన ల్యాబులో తక్కెడకే దిక్కులేదు, ఈవిడ కంటికి కనపడని కణాల మీద పరిశోధన చేస్తుందట అని ఒక సహోద్యోగి ఆవిడ వినేట్టుగానే అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే, తక్కెడ కావాలంటే ఎవరో ఒకరు కొనివ్వాలి, నా పనికి పెన్సిలు చాలు అన్నారు. అది విన్నరోజు నాకు పండగే. ఇంటికెళ్ళి నాన్నకు రెండుసార్లు చెప్పాను.

ఆ పెన్సిలుతో ఆవిడ చేస్తున్నదేమిటో నాకు బోర్డు మీద చెట్లు గీసి చెప్పారు. ఒక వరుసలో చెట్లున్నాయనుకో. రెండు దగ్గరగా, ఆ తర్వాత కొంచెం ఎడం, మళ్ళీ రెండు దగ్గరగా, మళ్ళీ ఎడం. దగ్గరగా ఉన్నవి జతలు. ఇప్పుడు వరుస మొదట్లోనే ఎడం వచ్చిందనుకో, కొస చెట్టుకి జత ఉండదు. అణువులను ఇలా పేర్చిన పదార్థంలో ఒక కణాన్ని వదిలితే, అది ఆ ఒంటరి కొసను పట్టుకుని అక్కడే ఉండిపోగలదు. నడుమ చెట్లను కాస్త అటూ ఇటూ జరిపినా దానికి లెక్కలేదు. జతలు కుదిరిన తీరు మారనంతవరకు కొసన ఉన్నదాన్ని ఎవరూ కదపలేరు. దీన్ని టోపాలజీ అంటారన్నారు. పేరు సంగతి తర్వాత, ఎవరూ కదపలేరన్న మాట నాకు తెగ నచ్చింది.

ఆవిడ ప్రశ్న అక్కడినుంచి మొదలయ్యేది. ఒక్క కణమైతే అందరికీ తెలిసిందే. రెండు కణాలుండి, అవి ఒకదాన్నొకటి పట్టించుకుంటే? ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా తిరిగితే, ఆ జంట కూడా కొసన నిలబడుతుందా, చెదిరిపోతుందా? "ఒక్కళ్ళే ఉంటే ఎవరైనా బుద్ధిగానే ఉంటారమ్మాయ్" అనేవారు. "ఇద్దరైతేనే గదా అసలు సంగతి బయటపడేది." గైడు గారి అభిప్రాయం జంట నిలవదని. ఆయన ఆ రంగంలో పెద్దవారు, ఆయన మాటకు ఎదురు లేదు. మేడమ్ పెన్సిలు మాత్రం, కణాల మధ్య పట్టు ఒక హద్దులో ఉన్నంతవరకు జంట కొసన నిలుస్తుందని చెబుతోంది. ఆవిడ డాక్టరేట్ అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంది.

పెన్సిలుతో అయిదారు చెట్ల వరుస దాకా చెయ్యగలరు. వంద చెట్లంటే కంప్యూటర్ కావాలి. అప్పు చెయ్యకుండా, గాజుల జత అమ్మి ఒకటి కొన్నారు. ప్రోగ్రాం రాయడం ఆవిడకు రాదు. నేను పట్టణంలో ఒక సెంటర్‌లో నేర్చుకున్నాను. ఫైనల్ ఇయర్‌లో ప్రతి ఆదివారం, ఆవిడ చర్చినుంచి రాగానే నేను ముసునూరు బస్సు దిగేదాన్ని. ఆవిడ పప్పుచారు కాచేవారు, నేను ప్రోగ్రాం రాసేదాన్ని. నాలుగు నెలలకు గ్రాఫు వచ్చింది. జంట కొసన లేదు. వరుసంతా పలచగా పరుచుకుని ఉంది. గైడు గారు చెప్పిందే నిజమైంది.

ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. నా పెన్సిలే ఎక్కడో తప్పింది అన్నారు. అంత మొండి మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. నా మీద నమ్మకంతో ఒప్పుకున్నారని అప్పుడు నాకు తట్టలేదు. ఆ గ్రాఫుతోనే రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపారు. గైడు గారు సంతోషించి, దాన్ని తన వ్యాసంలో వేసుకున్నారు. ఆవిడకు ప్రీ-సబ్మిషన్ సెమినార్ తేదీ ఇచ్చారు. అది గట్టెక్కితే థీసిస్ ఇచ్చేయడమే. అప్పటికి ఆవిడ నమోదు గడువు అయిపోవడానికి ఒక్క నెలే ఉంది. నాకేమో ఒక పెద్ద పరిశోధన సంస్థనుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇద్దరికీ ఒకేసారి మంచిరోజులొచ్చాయని నాన్న మేడమ్‌ని భోజనానికి పిలిచాడు.

కోతలకు ముందు రోజులు. రసాలు ముదురుతున్నాయి. భోజనమయ్యాక నాన్న ఆవిడను చాట్రాయి దారిలో తను అంచనా చెప్పిన తోట ఒకటి చూపించడానికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఊరికే చూసే మనిషి కాదుగా, ఎన్ని చెట్లున్నాయి, ఎలా అంచనా వేస్తారు అని మొదలుపెట్టారు. నాన్నకు ఇలాంటి శ్రోత దొరకడం మహాభాగ్యం. రెండో వరుస దగ్గర నిలబడి, మన లెక్క ఇక్కణ్ణుంచేనండి మేడంగారూ అన్నాడు. ఆ గట్టు వరుస మాటేంటని ఆవిడ అడిగారు. "దాన్ని లెక్కెయ్యమండి" అన్నాడు నాన్న. "దారినపోయేవాళ్ళు కోసుకుంటారు, కోతులు తింటాయి, కాపలావాళ్ళు ఊరగాయ పెట్టుకుంటారు. నాలుగు పక్కలా గట్టు వరుస వదిలేసి లోపలిది చెప్పడం మా నాన్న కాలంనుంచీ ఉన్న మర్యాదండి. ఆఖర్న మొత్తం మీద కాస్త సర్దుకుంటాం." ఇది చెప్పి ఆయన ముందుకు నడిచాడు. ఆవిడ కదల్లేదు. గట్టు వరుసను చూశారు, తర్వాత నన్ను చూశారు.

"అమ్మాయ్, నీ ప్రోగ్రాంలో లెక్క ఎక్కడ మొదలవుద్ది?"

రెండో గడినుంచండి, అంటే వరుసలో రెండో చెట్టునుంచి, అని నా నోటినుంచి వచ్చేసింది. చివరి గడికి ముందు ఆగిపోతుంది. అలా ఎందుకు రాశానో నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. లెక్కంటే అలాగే మొదలవుతుందని నా కాళ్ళకు తెలుసు. అంతటితో పోతే బాగుండేది. రెండు కణాలుంటే, గళ్ళన్నిటి అంకెలూ కలిపితే మొత్తం రెండు రావాలి. కొసలు వదిలేశాను కాబట్టి తక్కువ వస్తుండేది. ప్రోగ్రాం ఏదో చిన్న తేడా చేస్తోందనుకుని, మొత్తం రెండు అయ్యేట్టు మిగతా గళ్ళ అంకెలన్నిటినీ పెంచేశాను. నాన్న చివర్లో సర్దినట్టే సర్దాను. ఆ సంగతి మేడమ్‌కి చెప్పనే లేదు. కొసన కూర్చున్న జంటను నేనే తుడిచేసి, అది అక్కడ లేదని గ్రాఫు గీసి ఇచ్చాను. తోటలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఏడ్చేశాను. నాన్నకు ఏమీ అర్థంకాక మంచినీళ్ళ కోసం పరుగెత్తాడు.

ఆ సాయంత్రమే వెళ్ళి ప్రోగ్రాం దిద్దాం. రెండంటే రెండు అంకెలు మార్చాను, సర్దుబాటు తీసేశాను. జంట కొసన ఉంది. ఆవిడ పెన్సిలు ఎంత పట్టు దాకా నిలుస్తుందని చెప్పిందో, దాదాపు అంతదాకా నిలిచింది. మేడమ్ చిన్నపిల్లలా నవ్వారు. నేనెప్పుడూ చూడనంతసేపు నవ్వారు. కాసేపయ్యాక ఇద్దరికీ ఒకేసారి రిపోర్టు గుర్తొచ్చింది. ఆవిడ సంతకం ఉన్న తప్పు గ్రాఫు గైడు గారి వ్యాసంలో అచ్చయి ఊరంతా తిరుగుతోంది. ఇప్పుడేం చేస్తారండి అంటే, ఏముంది, తప్పని చెప్తాను అన్నారు. సెమినార్ అయ్యాక చెబితే కుదరదా అని నేను భయపడుతూ అడిగాను. "డిగ్రీ చేతికొచ్చాక చెబితే దాన్ని చెప్పడమంటారా?" అన్నారు. నాకు సిగ్గేసింది.

సెమినార్‌కి నేనూ వెంట వెళ్ళాను. ఏలూరు దాకా బస్సు, అక్కడినుంచి రైలు. దారంతా ఆవిడ నన్ను ఇంటర్వ్యూ ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. గదిలో పరిశోధన కమిటీవాళ్ళు, పదిమంది పెద్దలు. ఆవిడ సుద్దముక్క విరిచి, నేను పంపిన రిపోర్టు తప్పు, సరైనది ఇదీ అని మొదలుపెట్టారు. గైడు గారి ముఖం మాడిపోయింది. రెండు నిమిషాలు ఓపిక పట్టి, మనం నా గదిలో మాట్లాడుకుందామండి అన్నారు. కాదండి, తప్పు అందరికీ పంపాను కాబట్టి అందరిముందే చెప్తాను అని ఆవిడ ఆఖరి లైను దాకా రాశారు. ఆ గదిలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. తర్వాత ఆయన ఆవిడను తన గదిలోకి పిలిచారు. నేను వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఇరవై నిమిషాలకు బయటికొచ్చి, మామూలు గొంతుతో, నా రిజిస్ట్రేషన్ అయిపోయిందమ్మా, పద అన్నం తిందాం అన్నారు. మిగిలిన రోజుల్లో థీసిస్ తిరగరాయడం కుదరదట, గడువు పెంచరట, మళ్ళీ నమోదుకి ఒప్పుకోరట. నేను మళ్ళీ ఏడుపు మొదలుపెట్టాను. "ఏడవమాకు" అని కసిరారు. "పది రోజుల్లో ఇంటర్వ్యూ ఉంది. ఏడిస్తే మార్కులెయ్యరు."

నాకు సీటొచ్చింది. నేను వెళ్ళిపోయాను. ఆవిడ అదే కాలేజీలో ఇంకో పన్నెండేళ్ళు లెక్చరర్‌గానే పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర చదివినవాళ్ళు డాక్టరేట్లతో వచ్చి డిపార్ట్‌మెంట్ హెడ్లయ్యారు, ప్రిన్సిపాలయ్యారు. ఆవిడ సెలవు చీటీలకు వాళ్ళ సంతకాలు కావాల్సి వచ్చింది. మధ్యలో తన పని ఒక్కరే వ్యాసంగా రాసి, కాలేజీ అడ్రసుతో పంపారు. నా పేరు కూడా పెడతానంటే వద్దుగాక వద్దని నేను గోలపెట్టాను. రెండు పత్రికలు తిప్పి పంపాయి, మూడోది, చిన్నది, వేసుకుంది. ఎవరూ చదవలేదు. ఆవిడేమో దానికేం, తప్పయితే కాదుగా అనేవారు. నా తప్పు వల్ల సమయం దాటిపోయిందని నేను కుమిలిపోయేదాన్ని. అసలు జరిగింది అంతకంటే ఘోరమని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు.

ఒక సభలో తెలిసింది. మధ్యాహ్నం నా ప్రసంగం, ఆ జంటల మీదే. ఉదయం టీ విరామంలో ఆ గైడు గారు, పెద్దాయన అయిపోయారు, చేతికర్రతో నా దగ్గరికి వచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు. మీది నూజివీడు పక్కనట కదా, రాజరత్నం గారు తెలుసా అని ప్రేమగానే అడిగారు. తెలుసండి అన్నాను. మంచి మనిషేగాని, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అంటూ నవ్వారు. "ఒక్క ఉత్తరం రాసివ్వమన్నానమ్మా. అంకెలు తారుమారు చేసింది ప్రోగ్రాం రాసిన విద్యార్థిని, నాకు తెలియదు అని ఆ పిల్ల పేరు పెట్టి రాస్తే చాలు. కమిటీ ముందు పెట్టి ఏడాది గడువు నేనే ఇప్పించేవాణ్ణి. తప్పు నాదే, పిల్ల పేరు ఇవ్వను అంది. చేజేతులా పోగొట్టుకుంది."

ఆ కమిటీలోని ఇద్దరు పది రోజుల తర్వాత నన్ను ఇంటర్వ్యూ చేసిన బల్లకు అవతల కూర్చున్నారు. అంకెలు తారుమారు చేసిన పిల్ల అని నా పేరు వాళ్ళ ముందుకు వెళ్ళి ఉంటే నా చదువు ఆ వరండాలోనే ముగిసేది. ఆవిడకు అది తెలుసు. తెలిసి, ఏమీ జరగనట్టు నన్ను అన్నానికి తీసుకెళ్ళారు.

"ఆ పిల్లను నేనేనండి" అన్నాను.

ఆయన కప్పు పక్కన పెట్టేశారు. ఏదో అనబోయారు. నేను వినలేదు, వినాలనిపించలేదు. హాల్లోకి వెళ్ళి, నా ప్రసంగం ముందు ఒక కొత్త పేజీ చేర్చాను. మధ్యాహ్నం, ముందు వరుసలో ఆయన కూర్చుని ఉండగా, దాన్ని నిలబడి చదివాను. ఈ ఫలితం మొదట సాధించింది నూజివీడులో లెక్చరర్‌గా పనిచేసిన రాజరత్నం గారు. దాన్ని చెడగొట్టింది నేను. కొసలు వదిలేసి, మొత్తం సరిపోయేట్టు అంకెలు దిద్దాను. నా పేరు చెబితే ఆవిడకు డాక్టరేట్ వచ్చేది, ఆవిడ చెప్పలేదు. అందుకని నేనే చెబుతున్నాను. హాలంతా గుసగుసలు. నేను కోపంగానే ఆఖరిదాకా చదివాను.

సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేసి, చదివిన పేజీ సంగతి చెప్పి, చెడామడా పోట్లాడాను. ఎందుకు దాచారు, ఒక్క ఉత్తరం కదా, నేను ఇంకో ఏడాది ఆగి ఇంకోచోట చేరేదాన్ని కదా అన్నాను. అంతా విని, "సంతకం నాదమ్మా" అన్నారు. "కింద పనిచేసిన పిల్లను చూపించి తెచ్చుకుంటే, ఆ డాక్టరేట్‌ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోను?" తర్వాత, ఆ పేజీలో తన పేరు ముందు డాక్టర్ అని పెట్టలేదు గదా అని అనుమానంగా అడిగారు. లేదండి, లెక్చరర్ అనే పెట్టాను అన్నాను. అయితే సరే అన్నారు. ఆ ఫలితం మీద ఎవరన్నా అడ్డుప్రశ్న వేశారా అని అడిగారు. లేదండి అంటే, వేస్తే బాగుండేది అన్నారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ పేజీ ఇప్పటికీ నా ప్రతి ప్రసంగంలో మొదట ఉంటుంది. చూసినవాళ్ళలో కొందరు మెచ్చుకుంటారు, కొందరు ఇబ్బందిగా కదులుతారు, నా మంచికోరేవాళ్ళు కొందరు నీ తప్పు నువ్వే చాటుకోవడమేంటని మందలిస్తారు. మొన్నామధ్య ఒక పెద్ద సభలో నాకు పదిహేను నిమిషాలే ఇచ్చారు. నిర్వాహకులు ముందురోజు ఫోన్ చేసి, సమయం చాలదు, ఆ మొదటి పేజీ సైన్సు కాదు కదా, తీసెయ్యండి అని మర్యాదగానే అడిగారు. సరేనండి, సమయానికి ముగిస్తాను అన్నాను. ఫోన్ పెట్టేసి, నా సొంత ఫలితాలున్న మూడు పేజీలు తీసేశాను.